పావు అంగుళం మరలో ఒక జీవితం

కెమెరా అడుగున ఉండే చిన్న రంధ్రం కొలతను 180 ఏళ్ల కిందటే ఖాయం చేసిన మనిషి జోసెఫ్ విట్‌వర్త్. ఫ్యామిలీ బిజినెస్‌లో సిద్ధంగా ఉన్న కుర్చీని వదిలేసి వర్క్‌షాపులో కూలీగా చేరాడు. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సిన కథ ఇది.

సంక్రాంతి దాటాక అహోబిలంలో పారువేట ఉత్సవం మొదలవుతుంది. స్వామి పల్లకి నలభై రోజుల పాటు చుట్టుపక్కల ఊళ్లకు వెళ్తుంది. ఆ రోజుల్లో కెమెరా మెడలో వేసుకుని తిరిగే కుర్రాళ్లు ఆళ్లగడ్డ, నంద్యాల, కడప నుంచి బోలెడుమంది వస్తారు. రాత్రి పూట దివిటీల వెలుగులో పల్లకి ఫొటో తీయాలంటే షటర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. చేత్తో పట్టుకుంటే పని అవదు, ట్రైపాడ్ కావాల్సిందే. కెమెరా ఒకరి దగ్గర, స్టాండు ఇంకొకరి దగ్గర అద్దెకు తెచ్చుకోవడం మామూలే. అసలు తంటా అక్కడే. స్టాండు మీది హెడ్‌లో రంధ్రం పెద్దది, స్టాండు స్క్రూ చిన్నది. లేదా ప్లేటు రంధ్రం మూడు నూళ్లు, స్క్రూ రెండు నూళ్లు.

దీనికి మందు చిటికెన వేలి గోరంత ఇత్తడి ముక్క. దాన్నే అడాప్టర్ బుష్ అంటారు. బయట 3/8 అంగుళం మర, లోపల 1/4 అంగుళం మర. పెద్ద రంధ్రంలో దీన్ని బిగిస్తే చిన్న స్క్రూ పడుతుంది. వంద రూపాయల లోపే దొరికే ఈ ముక్క మీద అరవై, డెబ్బై వేల కెమెరా నిలబడుతుంది.

ఇక్కడో ప్రశ్న. జపాన్ కెమెరా, చైనా స్టాండు, ఎక్కడో చేసిన బుష్. ఈ మూడింటినీ చేసినవాళ్లు ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. అయినా ఒకదాంట్లో ఒకటి అంత సాఫీగా ఎలా దిగుతున్నాయి? అంతా మిల్లీమీటర్లలో నడిచే రోజుల్లో కెమెరా కింద మాత్రం అంగుళాలు ఎందుకున్నాయి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఇంగ్లండ్‌లో స్టాక్‌పోర్ట్ అనే ఊళ్లో 1803 డిసెంబర్ 21న పుట్టిన ఒక బడిపంతులు కొడుకు దగ్గర మొదలవుతుంది.

సెటిలైన దారి వద్దనుకున్నాడు

జోసెఫ్ తండ్రి చార్లెస్ విట్‌వర్త్ టీచరు, తర్వాత చర్చిలో బోధకుడయ్యాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి తన దారిన తను వెళ్లడంతో కుర్రాడు ఇతరుల పంచన పెరిగాడు. చదువు పద్నాలుగేళ్లకే ఆగిపోయింది. డెర్బీషైర్‌లో మేనమామకు నూలు మిల్లు ఉంటే అక్కడ అప్రెంటిస్‌గా పెట్టారు. ఇంట్లోవాళ్ల లెక్క సింపుల్. నాలుగేళ్లు పని నేర్చుకుంటాడు, ఆ తర్వాత మిల్లులో పార్ట్‌నర్ అవుతాడు. మన భాషలో చెప్పాలంటే కుర్రాడు సెటిలైపోయినట్టే.

జోసెఫ్‌కు మాత్రం నూలు మీద కన్నా నూలు వడికే యంత్రాల మీదే మనసు. మిల్లులో ప్రతి యంత్రం ఎలా పనిచేస్తుందో పట్టేశాడు. అది ఎంత వదులుగా, ఎంత నాసిరకంగా తయారైందో కూడా గమనించాడు. అప్రెంటిస్‌షిప్ అయ్యాక మేనమామ కుర్చీ వదిలేసి మాంచెస్టర్ వెళ్లి మామూలు మెకానిక్‌గా చేరాడు. ఓనర్ కావాల్సినవాడు కూలీ అయ్యాడన్నమాట. ఆ రోజు ఇంట్లో ఎలాంటి మాటలు పడి ఉంటాయో మీలో చాలామంది ఊహించుకోగలరు.

1825లో పెళ్లి చేసుకున్నాడు. అదే ఏడాది లండన్ వెళ్లి హెన్రీ మాడ్స్‌లే వర్క్‌షాపులో చేరాడు. అప్పట్లో మెషీన్ టూల్స్ చేసేవాళ్లకు మాడ్స్‌లే షాపు అంటే ఇప్పుడు మనం చెప్పుకునే డ్రీమ్ కంపెనీ లాంటిది. స్క్రూ కోసే లేత్‌ను పనికొచ్చే స్థాయికి తెచ్చినవాళ్లలో మాడ్స్‌లే ముఖ్యుడు. తర్వాత హోల్ట్‌జాఫెల్ దగ్గర, ఆపైన జోసెఫ్ క్లెమెంట్ దగ్గర విట్‌వర్త్ పనిచేశాడు. చార్లెస్ బాబేజ్ పేరు కంప్యూటర్ సైన్స్ వాళ్లందరికీ తెలుసు కదా. ఆయన డిఫరెన్స్ ఇంజిన్ భాగాలు తయారైంది క్లెమెంట్ షాపులోనే. కంప్యూటర్లకు ముత్తాత లాంటి ఆ యంత్రం పనిలో విట్‌వర్త్ చెయ్యి కూడా పడింది.

ఎనిమిదేళ్లలో మూడు మంచి షాపులు మారాడు. ప్రతిచోటా నేర్చుకున్నది వేరు. 1833లో మాంచెస్టర్ తిరిగొచ్చి, ఆవిరి శక్తి అందే ఒక గది అద్దెకు తీసుకుని సొంత బోర్డు పెట్టాడు. లండన్ నుంచి వచ్చిన టూల్ మేకర్‌నని ఆ బోర్డు మీద రాయించుకున్నాడు. ఇప్పుడు రెజ్యూమెలో పాత కంపెనీ పేరు పైన పెట్టుకుంటాం చూడండి, అలాగే. అప్పటికి ఆయన వయసు 29.

మూడు పలకల లెక్క

స్క్రూల కథకు ముందు ఇంకో చిన్న సంగతి చెప్పాలి. దేన్నయినా కచ్చితంగా కొలవాలంటే ముందు కచ్చితమైన చదునైన తలం కావాలి. కానీ మొట్టమొదటి చదును తలాన్ని దేనితో సరిచూడాలి? సరిచూడటానికి ఇంకా ఏదీ లేదు కదా.

రెండు ఇనుప పలకలను ఒకదానికొకటి రుద్దితే అవి చక్కగా అతుక్కుంటాయి. అంతమాత్రాన చదునుగా ఉన్నట్టు కాదు. ఒకటి గిన్నె లోపలిలా లోతుగా, ఇంకోటి గిన్నె అడుగులా ఉబ్బుగా ఉన్నా అతుక్కుంటాయి. అందుకే మూడో పలక కావాలి. మొదటిది రెండోదానితో, రెండోది మూడోదానితో, మూడోది మొదటిదానితో సరిపోవాలంటే ఒక్కటే దారి, మూడూ చదునుగా ఉండాలి. పలకకు నీలిరంగు పూసి ఇంకోదాని మీద ఆనిస్తే ఎత్తుగా ఉన్నచోట మాత్రమే రంగు అంటుతుంది. ఆ చుక్కలను చేతి పనిముట్టుతో కొద్దికొద్దిగా గీకేయాలి. ఆళ్లగడ్డ శిల్పి ఉలితో రాతిని ఎంత ఓపిగ్గా తీస్తాడో అంత ఓపిక కావాలి.

ఇలాంటి పలకలు మాడ్స్‌లే షాపులో అంతకుముందే ఉన్నాయి. అయితే వాటిని పొడి వేసి అరగదీసేవాళ్లు. ఆ పొడి ఎక్కడ ఎంత అరగదీస్తుందో మన చేతిలో ఉండదు. అరగదీయడం మానేసి గీకి సరిచేయడం ఎందుకు మేలో విట్‌వర్త్ 1840లో శాస్త్రవేత్తల సభలో వివరించాడు. మెకానికల్ స్టూడెంట్లు మెట్రాలజీ ల్యాబ్‌లో చూసే సర్ఫేస్ ప్లేట్, బ్లూ మార్కింగ్ వెనక ఉన్నది ఈ లెక్కే.

ఊరికో బోల్టు, షాపుకో మర

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 1830ల్లో బ్రిటన్‌లో ప్రతి వర్క్‌షాపుకూ సొంత మరలు ఉండేవి. అర అంగుళం బోల్టు అంటే మందం మాత్రమే తెలిసేది. అంగుళానికి ఎన్ని చుట్లు, చుట్టు ఎంత లోతు, ఎంత కోణం అన్నది షాపు మేస్త్రీ ఇష్టం. ఒక యంత్రం నుంచి నట్లన్నీ ఊడదీస్తే ఏ నట్టు ఏ బోల్టుదో గుర్తు పెట్టుకోవాల్సి వచ్చేది. పక్క ఊళ్లో ఇంజిన్ ఆగిపోతే విరిగిన బోల్టు బదులు కొత్తది కొనడానికి ఉండేది కాదు, చేయించాల్సిందే. అప్పుడప్పుడే రైళ్లు వస్తున్నాయి. ఒక చోట తయారైన ఇంజిన్ వంద మైళ్ల దూరంలో రిపేరుకు ఆగితే పరిస్థితి ఏంటో ఆలోచించండి.

విట్‌వర్త్ చేసిన పని ఇప్పటి భాషలో డేటా కలెక్షన్. దేశంలోని పేరున్న వర్క్‌షాపుల నుంచి వీలైనన్ని బోల్టులు తెప్పించాడు. అన్నింటినీ కొలిచాడు. ఏ మందానికి ఎన్ని చుట్లు వాడుతున్నారో చూసి మధ్యస్థంగా ఒక పట్టిక తయారుచేశాడు. మర కోణం అన్నింటికీ ఒకటే, 55 డిగ్రీలు. చుట్టు శిఖరం, అడుగు రెండూ గుండ్రంగా ఉండాలి. పావు అంగుళం బోల్టుకు అంగుళానికి 20 చుట్లు. మూడు నూళ్లకు, అంటే 3/8 అంగుళానికి 16. అర అంగుళానికి 12. ఈ లెక్కలతో 1841లో సివిల్ ఇంజినీర్ల సంస్థ ముందు పత్రం చదివాడు.

ఇందులో తెలివి ఎక్కడుందో గమనించండి. తన షాపు మరే గొప్పది, అందరూ ఇదే వాడండి అని ఆయన పట్టుబట్టలేదు. అందరిదీ తీసుకుని ఎవరికీ మరీ దూరం కాని కొలత ఇచ్చాడు. కాబట్టి ఒప్పుకోవడానికి ఎవరి అహమూ అడ్డు రాలేదు. దీంతోపాటు ఆ కొలతలకు సరిపోయే ట్యాపులు, డైలు, గేజీలు తన షాపులో చేసి అమ్మాడు. కాగితం మీది నియమం చేతికందే పనిముట్టుగా మారింది. రైల్వే కంపెనీలు అందుకున్నాయి. 1860 నాటికి బ్రిటన్‌లో దాదాపు అంతటా ఇదే మర. దేశం మొత్తానికి ఒకే మర అన్నది ప్రపంచంలో ఇదే మొదలు.

దాని బలం యుద్ధంలో తెలిసింది. 1850ల్లో క్రిమియా యుద్ధం వేళ బ్రిటిష్ నేవీకి ఉన్నట్టుండి చిన్న ఆవిరి పడవలు చాలా కావాల్సి వచ్చాయి. ఇంజిన్ల ఆర్డర్ జాన్ పెన్ అనే తయారీదారుకు దక్కింది. అన్ని ఇంజిన్లు ఒక్క షాపులో అయ్యేవి కావు. నమూనా ఇంజిన్లను విడదీసి, ఒక్కో భాగాన్ని ఒక్కో వర్క్‌షాపుకు పంపించాడు. వేర్వేరు ఊళ్లలో తయారైన భాగాలను తెచ్చి బిగిస్తే సరిపోయాయి. 90 రోజుల్లో 90 ఇంజిన్ సెట్లు పూర్తయ్యాయని చెబుతారు. అందరి మరలూ ఒకటే కావడం వల్లే అది వీలైంది. ఈ రోజు ఫోన్ భాగాలు పది దేశాల్లో తయారై ఒకచోట అసెంబుల్ కావడం వెనక ఉన్న ఆలోచనకు ఇదో తొలి రూపం.

అంగుళంలో పది లక్షలో వంతు

1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో విట్‌వర్త్ యంత్రాలది ప్రత్యేక ఆకర్షణ. అందరూ ఆశ్చర్యపోయింది ఆయన కొలత యంత్రం చూసి. అంగుళంలో పది లక్షలో వంతు తేడాను కూడా అది పసిగట్టేది. అంతకుముందు మంచి ఫిట్టర్ కూడా కొలత చెప్పాలంటే అంగుళంలో ముప్పై రెండో వంతు కన్నా కొంచెం తక్కువ, కొంచెం ఎక్కువ అని చెప్పేవాడు. ఆ కొంచెం అన్నమాట షాపుల నుంచి పోవాలని, అంగుళాన్ని వెయ్యి భాగాలు చేసి మాట్లాడాలని విట్‌వర్త్ పట్టుబట్టాడు. మన దగ్గర లేత్ షాపుల్లో ఇప్పటికీ ఒక థౌ తీయి, రెండు థౌలు వదులు అంటుంటారు. ఆ థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతే.

1853లో ప్రభుత్వం తరఫున అమెరికా వెళ్లాడు. అక్కడి ఫ్యాక్టరీల్లో యంత్రాలు మనిషి పనిని ఎలా తగ్గిస్తున్నాయో చూసి రిపోర్టు రాశాడు. అప్పటికే సొంత దేశంలో నంబర్ వన్ టూల్ మేకర్. అయినా ఇంకొకరి దగ్గర నేర్చుకోవడానికి వెనకాడలేదు.

గురి తప్పని తుపాకీ, గురి తప్పిన ఆర్డర్

ఇక్కడి వరకు సక్సెస్ స్టోరీ. ఇప్పుడు ఫెయిల్యూర్ గురించి.

1854లో సైన్యం కోసం మంచి రైఫిల్ తయారుచేసే పని ప్రభుత్వం ఆయనకు అప్పగించింది. తుపాకుల తయారీలో ఆయనకు అనుభవం లేదు. ఉన్నదల్లా కొలిచే అలవాటు. మాంచెస్టర్‌లో తన ఇంటి ఆవరణలో 500 గజాల పొడవున గాలి తగలని షెడ్డు కట్టించి, గుండు దారి ఎలా మారుతోందో ఏళ్ల తరబడి పరీక్షించాడు. చివరికి లోపలి గొట్టం గుండ్రంగా కాక ఆరు పలకలుగా, మెలితిరిగి ఉండే రైఫిల్ చేశాడు. 1857 పరీక్షల్లో సైన్యం వాడుతున్న ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ను ఇది చాలా దూరం వెనక్కి నెట్టింది. 1860లో వింబుల్డన్ షూటింగ్ పోటీలను విక్టోరియా రాణి ఈ రైఫిల్‌తోనే ప్రారంభించింది.

అయినా సైన్యం కొనలేదు. ఎన్‌ఫీల్డ్ కన్నా ఇది చాలా ఖరీదు. నాలుగు గుళ్లు పేల్చేసరికి గొట్టంలో మసి పేరుకుని తర్వాతి గుండు దూర్చడం కష్టమయ్యేది. వర్క్‌షాపులో పది లక్షలో వంతు కచ్చితత్వం వరం. బురదలో నిలబడ్డ సిపాయికి అదే భారం. ఎవరి షాపులో చేసిన బోల్టయినా పనిచేయాలని చెప్పిన మనిషే, ఎంతో కచ్చితంగా చేస్తే తప్ప పనిచేయని వస్తువు చేశాడు. ఆ తర్వాత ఫిరంగుల విషయంలో ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇంకో పెద్ద పారిశ్రామికవేత్తతో ఏళ్ల తరబడి పోటీ, అధికారులతో వాదనలు నడిచాయి. విట్‌వర్త్ మొండివాడు, మాట పడేవాడు కాదు. ఆ గుణం మర విషయంలో కలిసొచ్చినా ఆఫీసుల్లో కలిసిరాలేదు. సొంత సైన్యం వద్దన్న ఆ రైఫిళ్లలో కొన్ని అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యం చేతికి చేరాయి. దూరం నుంచి గురిచూసి చంపడానికి పనికొచ్చాయి. ఈ భాగాన్ని దాచి ఆయన జీవితాన్ని చెప్పడం న్యాయం కాదు.

డబ్బు ఎక్కడికి వెళ్లింది

1868లో లక్ష పౌండ్లతో స్కాలర్‌షిప్పులు పెట్టాడు. ఏడాదికి వంద పౌండ్ల చొప్పున 30 స్కాలర్‌షిప్పులు. షరతు ఒక్కటే ముఖ్యం, చదువూ రావాలి, చేతి పనీ రావాలి. పుస్తకం చదివినవాడికి ఆకురాయి పట్టడం తెలియదు, ఆకురాయి పట్టినవాడికి లెక్క రాదు. ఈ రెండింటి మధ్య గోడ పడగొట్టాలన్నది ఆయన కోరిక. తను పద్నాలుగేళ్లకే చదువు ఆపేసిన మనిషన్నది గుర్తుంచుకోండి. విట్‌వర్త్ స్కాలర్‌షిప్పులు బ్రిటన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. అప్రెంటిస్‌షిప్ చేసి వచ్చి ఇంజినీరింగ్ డిగ్రీ చదివేవాళ్లకు ఇస్తున్నారు.

1869లో ఆయనకు బారొనెట్ బిరుదు వచ్చింది. 1874లో కంపెనీని లిమిటెడ్‌గా మార్చి, పనివాళ్లు కూడా షేర్లు కొనుక్కునే వీలు కల్పించాడు. 1887 జనవరి 22న మాంటీ కార్లోలో 83 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. పిల్లల్లేరు. ఆస్తిలో పెద్ద భాగం చదువుకు, ఆసుపత్రులకు, మాంచెస్టర్‌లో ఆయన పేరుతో ఇప్పటికీ ఉన్న ఆర్ట్ గ్యాలరీకి వెళ్లింది. పదేళ్ల తర్వాత, 1897లో, ఆయన కంపెనీ పాత ప్రత్యర్థి ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీతోనే కలిసిపోయింది.

ఆ మర కెమెరా కిందికి ఎలా వచ్చింది

ఫొటోగ్రఫీ పెరిగింది సరిగ్గా విట్‌వర్త్ మర రాజ్యమేలిన రోజుల్లోనే. కెమెరాలు, స్టాండ్లు చేసేవాళ్లు చేతికందిన ప్రామాణిక బోల్టులే వాడారు. చిన్నవాటికి పావు అంగుళం, బరువైనవాటికి మూడు నూళ్లు.

మధ్యలో ఇంకో మలుపు ఉంది. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ అనే ఇంజినీర్ 60 డిగ్రీల కోణం, చదును శిఖరం ఉన్న మరను ప్రతిపాదించాడు. గుండ్రటి శిఖరం కన్నా అది కోయడం తేలిక, సరిచూడడం తేలిక. అమెరికా అటు వెళ్లింది. రెండు దేశాలకు రెండు మరలు. రెండో ప్రపంచ యుద్ధంలో దీని బాధ బాగా తెలిసొచ్చింది. బ్రిటిష్ రోల్స్ రాయిస్ మెర్లిన్ విమాన ఇంజిన్‌ను అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ చేయాల్సి వచ్చినప్పుడు, భాగాలు అటూ ఇటూ మార్చుకోవడానికి వీలుగా బ్రిటిష్ మరల కోసం పనిముట్లే కొత్తగా చేసుకోవాల్సి వచ్చింది. యుద్ధం అయ్యాక 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని 60 డిగ్రీల ఉమ్మడి మరకు ఒప్పుకున్నాయి. దానిలో ముతక రకాన్నే యూఎన్‌సీ అంటాం.

కెమెరావాళ్ల అదృష్టం ఏంటంటే, పావు అంగుళానికి 20 చుట్లు, 3/8కి 16 చుట్లు అన్న లెక్క రెండు పద్ధతుల్లోనూ ఒకటే. కోణం మాత్రం 55 బదులు 60. ట్రైపాడ్ స్క్రూ కాస్త వదులుగానే ఉంటుంది కాబట్టి పాత స్టాండు మీద కొత్త కెమెరా ఎక్కుతుంది. అదే అర అంగుళం అయి ఉంటే ఇలా కుదిరేది కాదు, అక్కడ విట్‌వర్త్‌ది 12, యూఎన్‌సీది 13. కెమెరా, ట్రైపాడ్ జోడింపుకు ఐఎస్‌ఓ 1222 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో ఉన్నవి ఈ రెండు సైజులే.

55 డిగ్రీల మర పూర్తిగా పోలేదు. మన ఇళ్ల నల్లా గొట్టాలకు, రాయలసీమ పొలాల్లో కనిపించే జీఐ పైపులకు ఉండే బీఎస్‌పీ మర విట్‌వర్త్ రూపమే. కాలేజీ ల్యాబ్‌లో చాలా మైక్రోస్కోపుల ఆబ్జెక్టివ్ లెన్సును తిప్పి బిగించే మర కూడా అంతే, అంగుళానికి 36 చుట్లు, 55 డిగ్రీలు.

బుష్ ఎలా బిగించాలి

ముందు ఏది ఏంటో తేల్చుకోండి. పావు అంగుళం స్క్రూ బయటి మందం 6.35 మిల్లీమీటర్లు, 3/8ది 9.525. స్కేలు ఆనించి అర అంగుళం పొడవులో చుట్లు లెక్కపెడితే మొదటిదానికి 10, రెండోదానికి 8 వస్తాయి.

బుష్ పనికొచ్చేది ఒక్క సందర్భంలోనే. రంధ్రం 3/8, స్క్రూ 1/4 అయినప్పుడు. కెమెరా రంధ్రం 1/4, స్టాండు స్క్రూ 3/8 అయితే ఈ బుష్ దండగ, రంధ్రం కన్నా స్క్రూ పెద్దది కదా. అప్పుడు స్క్రూనే మార్చాలి. చాలా స్టాండ్లలో ఆ స్క్రూ ఊడదీస్తే రెండో వైపు ఇంకో సైజు ఉంటుంది, తిరగేసి బిగిస్తే చాలు.

రంధ్రంలో దుమ్ము, ఇసుక లేకుండా పొడి బ్రష్‌తో దులపండి. మొదటి రెండు చుట్లు చేత్తోనే తిప్పండి. బిగుసుకుంటే బలవంతం చేయకుండా వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి. మర అడ్డం పడితే పాడయ్యేది బుష్ కాదు, ఖరీదైన ప్లేటు. బుష్ ముఖం మీద ఒక గాడి ఉంటుంది. అందులో నాణెం లేదా వెడల్పాటి స్క్రూడ్రైవర్ పెట్టి, అంచు తలానికి సమంగా ఆనేదాకా బిగించండి. పైకి పొడుచుకు వస్తే కెమెరా ఊగుతుంది.

కెమెరా విప్పేటప్పుడు బుష్ కూడా స్క్రూతో పాటు ఊడివస్తుందని చాలామంది ఫిర్యాదు. కారణం తేలికే. లోపలి మర పట్టు బయటి మర పట్టు కన్నా ఎక్కువైతే బయటిది తిరుగుతుంది. అందుకే మొదటే గట్టిగా బిగించాలి. ఎప్పటికీ తీయనక్కర్లేదనుకుంటే బయటి మరకు తక్కువ పట్టున్న థ్రెడ్ లాకర్ ఒక్క చుక్క చాలు. సూపర్ గ్లూ జోలికి పోవద్దు. ప్లాస్టిక్ భాగాలకు లాకర్ అంటనివ్వొద్దు.

ఇంకో మాట. దగ్గర్లో హార్డ్‌వేర్ షాపులో దొరికే 6 ఎంఎం బోల్టు చూడ్డానికి పావు అంగుళంలాగే ఉంటుంది. దాని చుట్టు దూరం 1 ఎంఎం, కెమెరా మరది 1.27. ఒకటి రెండు చుట్లు పట్టినట్టే పట్టి, బరువు పడగానే జారుతుంది. బుష్ గోడ సన్నగా ఉన్నచోట మందం సుమారు 0.6 ఎంఎం మాత్రమే. ఇత్తడి, స్టీలు అందుకే మంచివి. పగుళ్లు, అరిగిన చుట్లు కనిపిస్తే పారేసి కొత్తది వేయండి. జేబులో రెండు స్పేర్ ఉంచుకోండి. ఎగువ అహోబిలం దాటి జ్వాలా నరసింహ గుడి దారిలో, ఉగ్రస్తంభం వైపు ఎక్కేటప్పుడు బుష్ పోతే అక్కడ కొనడానికి షాపు ఉండదు.

మరి మనకేంటి

విట్‌వర్త్ కథలో జాబ్ వెతుక్కునేవాళ్లకు పనికొచ్చేవి నాకు మూడు కనిపించాయి.

ఒకటి, ఆయన పేరు నిలబెట్టింది కొత్త వస్తువు కనిపెట్టడం కాదు. స్క్రూ ఆయన పుట్టక ముందే ఉంది. అందరికీ ఒకే కొలత ఉండేలా చేయడమే ఆయన పని. సాఫ్ట్‌వేర్‌లో ఏపీఐ అయినా, చార్జర్ పోర్టు అయినా ఇదే రకం పని. ఇంటర్వ్యూలో ఇన్నోవేషన్ అంటే ఏంటని అడిగితే చెప్పుకోదగ్గ ఉదాహరణ.

రెండు, కొలవడం ఒక కెరీర్. క్వాలిటీ, ఇన్‌స్పెక్షన్, మెట్రాలజీ, టూల్ డిజైన్ విభాగాల్లోకి వెళ్లేవాళ్లు సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్ల కన్నా తక్కువ కాబట్టి మన కళ్లకు ఆనవు. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ లాంటి చోట్ల ఇదే నేర్పుతారు. ఐటీఐ ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్ చేసినవాళ్లు తమను తాము తక్కువ చేసుకోవాల్సిన పని లేదు. విట్‌వర్త్ మొదలైంది అక్కడే. బీటెక్ వాళ్లు కూడా వెర్నియర్, మైక్రోమీటర్, థ్రెడ్ గేజ్, గో-నో గో గేజ్ నిజంగా చేత్తో పట్టుకుని నేర్చుకోండి. ల్యాబ్ రికార్డులో రీడింగులు చూసి రాసుకుంటే ఇంటర్వ్యూ రోజు చెయ్యి వణుకుతుంది.

మూడు, రైఫిల్ సంగతి మరవొద్దు. మీ ప్రాజెక్టు టెస్టుల్లో ఫస్ట్ రావడం వేరు, అది వాడేవాడి చేతిలో పనికిరావడం వేరు. ఎవరు వాడతారు, ఎక్కడ వాడతారు, పాడైతే ఎవరు బాగుచేస్తారు అన్న ప్రశ్నలు డిజైన్‌కు ముందే వేసుకోవాలి. మర విషయంలో విట్‌వర్త్ ఆ ప్రశ్నలు వేసుకున్నాడు, గెలిచాడు. తుపాకీ విషయంలో వేసుకోలేదు.

ఇంటర్వ్యూకు ముందు ఒకసారి చూసుకోండి

విట్‌వర్త్ మర: కోణం 55 డిగ్రీలు, శిఖరం, అడుగు గుండ్రం, 1841.
యూఎన్‌సీ మర: కోణం 60 డిగ్రీలు, 1948 ఒప్పందం.
మెట్రిక్ మర: కోణం 60 డిగ్రీలు, చుట్టు దూరం మిల్లీమీటర్లలో.
కెమెరా మర: 1/4 అంగుళానికి 20 చుట్లు, 3/8కి 16 చుట్లు, ప్రమాణం ఐఎస్‌ఓ 1222.
పిచ్ లెక్క: 25.4ను అంగుళానికి ఉన్న చుట్లతో భాగించాలి. 20 చుట్లకు 1.27 ఎంఎం, 16 చుట్లకు 1.5875 ఎంఎం.